బల్ల మీద చేను

పెళ్లిచూపుల్లో రఘువీర్ నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "చందుర్తి మీ ఊరికి ఎంత దూరం?"

చదువు గురించి, వంట గురించి అడుగుతారని అమ్మ నాకు జవాబులు నేర్పి పెట్టింది. దీనికి నేర్పలేదు. "చేలగట్ల మీదుగా వెళ్తే దగ్గరేనండి. మా మేనత్తది ఆ ఊరే," అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. బెజవాడలో పెరిగి అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి మా గొల్లప్రోలు పక్కనున్న చందుర్తితో ఏం పనో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ ఊళ్లో ఏ పిల్లనైనా ప్రేమించి మానేశాడేమోనని మా బాబాయి రహస్యంగా వాకబు కూడా చేశాడు.

పెళ్లయి అమెరికాలో ఆయన ఉండే షాంటిలీకి వచ్చిన వారంలోనే సంగతి తెలిసిపోయింది. ఆ ఇంట్లో కారు ఎండకీ మంచుకీ బయటే ఉండేది. గరాజునిండా సైనికులు. ఒక్కొక్కడు నా బొటనవేలికన్నా పొట్టి. టోపీలు, బొత్తాలు, మీసాలు అన్నీ ఆయన సన్న కుంచెతో వేసినవే.

"మీ అత్తయ్య ఊళ్లో పెద్ద యుద్ధం జరిగింది, తెలుసా?" అన్నారు.

"మా అత్తయ్యా మామయ్యా రోజూ చేసుకునేదేగా?"

ఆయన నవ్విన నవ్వుకి చేతిలో ఉన్న గుర్రం కిందపడి దాని చెవి విరిగింది. నేను మాట్లాడే మాటలే తక్కువ. అవి ఎవరినైనా నవ్విస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు.

యుద్ధం నిజమే. పదిహేడువందల యాభై ఎనిమిది డిసెంబరులో, చందుర్తి పొలాల్లో, ఒకవైపు ఫ్రెంచివాళ్లు, ఇంకోవైపు ఇంగ్లీషువాళ్లు, వాళ్లతోబాటు విజయనగరం రాజు దళాలు. ఆయన పాత పుస్తకాల దుకాణంలో దొరికిన చరిత్ర పుస్తకంలో చదివారట. ఇంగ్లీషు దళం మనిషెత్తు పంట చేలో దాక్కుంది. వాళ్ల ఎర్రకోట్లు తొడిగిన మన సిపాయిలు మాత్రం బయట కనబడుతూ నిలబడ్డారు. ఫ్రెంచివాళ్లు సిపాయిలనే ఇంగ్లీషువాళ్లనుకుని వాళ్లమీద పడ్డారు. అప్పుడు చేలోంచి అసలు దళం లేచింది.

"ఏ పంట?" అన్నాను.

"పుస్తకంలో మొక్కజొన్న అని ఉంది."

"మా వైపు మామూలు జొన్న అయి ఉంటుందేమో."

ఆయన ఆ మాటను పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకున్నారు.

ఇలాంటి పాత యుద్ధాలని బొమ్మ సైనికులతో బల్లమీద మళ్లీ నడిపించడం ఆయన ఆట. ఆ ఆట ఆడేవాళ్లు ఐదుగురు. నెలకొకరి ఇంట్లో కలుస్తారు. ఎవరింట్లో ఆట అయితే వాళ్లే బల్లమీద నేల తయారు చేయాలి. కొండలు, ఏళ్లు, దారులు, ఇళ్లు, అన్నీ. గెలుపోటములు మర్నాటికి మర్చిపోతారట గాని, ఫలానావాడి బల్లమీద ఏరు ఎంత బాగుందో ఏళ్ల తరబడి చెప్పుకుంటారట. ఈయన అప్పటిదాకా ముగ్గురు రూమ్మేట్లతో అపార్టుమెంటులో ఉండేవారు. ఎవరినీ పిలవలేకపోయారు. పెళ్లయ్యాక ఇల్లు మారారు. నవంబరు మొదటి శనివారం ఆయన వంతు, మొట్టమొదటిసారి.

"రెండేళ్లుగా వాళ్ల పీజాలు తింటున్నాను వసూ. ఎప్పుడూ వాళ్ల యూరప్ యుద్ధాలే ఆడాను. ఈసారి నా బల్ల, మన ఊరి నేల," అన్నారు. మన ఊరు అనడం నాకు నచ్చింది.

గరాజులో చలికి జిగురు ఆరదని పని అంతా భోజనాల బల్లమీదికి మార్చారు. మేము కంచాలు ఒళ్లో పెట్టుకుని సోఫాలో తినేవాళ్లం. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆయన పనిముట్లు వరసగా పరిచేవారు. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. ముందు గులాబీరంగు నురగ పలక. ఇక్కడ ఇళ్ల గోడల్లో చలి ఆగడానికి పెడతారు, మన థర్మోకోల్‌కి గట్టి అన్న లాంటిది. కొస మొద్దుబారితే విరిచి పారేసే బ్లేడు కత్తి. స్టీలు స్కేలు. బ్యాటరీతో వేడెక్కే సన్నటి తీగ ఒకటి. దాన్ని నురగలోంచి నెమ్మదిగా లాగితే వెన్నలోంచి దారం లాగినట్టు కొండ వాలు తెగి వచ్చేది. ఆ పొగ పీల్చకూడదని కిటికీ తెరిచి, మేమిద్దరం స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాళ్లం.

"డబ్బా స్ప్రే రంగు మాత్రం కొట్టకూడదు. నురగని తినేస్తుంది. నా మొదటి కొండ అలాగే పోయింది," అన్నారు, పోయిన పెంపుడు జంతువు గురించి చెప్పినట్టు.

వంటింటి అల్యూమినియం రేకును ఉండగా నలిపి నురగమీద దొర్లిస్తే రాతి గరుకు వచ్చేది. తెల్ల జిగురులో నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి పాత టూత్‌బ్రష్‌తో పూసి, పైన ఇసుక జల్లేవారు. ఇసుక జల్లడానికి నా టీ వడగట్టు పట్టుకుపోయారు. ఆ రోజు నుంచి మా టీలో ఆకు తేలేది. చివర్లో కుంచెకి లేతరంగు అద్ది, దాదాపు అంతా గుడ్డకి తుడిచేసి, మిగిలీ మిగలని రంగుతో రాళ్ల అంచులమీద మాత్రమే తాకించేవారు.

"అట్లపెనం మీద నూనెగుడ్డ తిప్పినట్టు," అన్నాను.

"అంతే! ఎవరికి చెప్పినా అర్థం కావడానికి నెల పడుతుంది, నీకు ఒక్క మాటలో వచ్చేసింది," అని కుంచె నా చేతికిచ్చారు. ఆ కొండ అంచులు నేనే వేశాను. నాకు ఇక్కడ ఉద్యోగం చేసే వీసా లేదు. తెలిసినవాళ్లూ లేరు. ఈ దేశంలో నా చేత్తో చేసినదని చూపించడానికి అది మొదటి వస్తువు.

పని ఇంకా చేల దగ్గరికి రాకముందే ఆయన్ని ఆఫీసువాళ్లు శాంటా క్లారా పంపించారు. తిరిగి వచ్చేది ఆటకి ముందురోజు సాయంత్రం. వెళ్తూ వెళ్తూ కొబ్బరిపీచు పట్ట ఒకటి, గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునేది, నా చేతిలో పెట్టారు.

"దీన్ని ముక్కలుగా కోసి, దారికి ఇటొకటి అటొకటి, ఆ రెండు మళ్లలో అంటించెయ్. పీచు నిలబడి పంటలా ఉంటుంది. అందరూ అలాగే చేస్తారు. ఇదొక్కటే నీ పని."

పట్టని కోసి మడిలో పెట్టి చూశాను. ఎటు తిప్పి చూసినా కోత అయిపోయిన దుబ్బులే. పైరు కాదు. చందుర్తి చేలు నేను ఎరుగుదును. అత్తయ్య ఇంటికి వెళ్లేటప్పుడు జొన్న ఆకులు చేతులకి గీసుకునేవి. ఈ పట్టలో ఎవరు దాక్కుంటారు?

మా ఊరి బడిలో జ్ఞానప్రసూన టీచరుగారు ఏటా దసరాకి బొమ్మల కొలువు పెట్టేవారు. మెట్లమీద బొమ్మలు ఆవిడవి, కింద నేలమీద ఊరు మాత్రం మా పిల్లలది. దారులు ముగ్గుపిండితో. చెరువు అద్దంతో. చేలకి పళ్లెంలో పల్చగా మట్టి పరిచి, రాత్రంతా నానబెట్టిన చోళ్లు, అంటే రాగులు, ఒత్తుగా జల్లి, తడిగుడ్డ కప్పేవాళ్లం. కొలువు మొదలయ్యేసరికి పచ్చటి చేను, సరిగ్గా మట్టి ఎడ్లు మునిగేంత ఎత్తు. ఆ చేలు ప్రతి ఏడూ నా బాధ్యతే.

మర్నాడు నడిచి ఇండియన్ స్టోర్‌కి వెళ్లాను. చోళ్లు లేవు. పిండి ఉంది. పిండి మొలకెత్తదు కదా. పక్కనే గోధుమలు కనిపించాయి. ఏ గింజైతేనేం అనుకున్నాను. రాత్రంతా నానబెట్టి, బల్లమీది రెండు మళ్లలో మట్టి పరిచి ఒత్తుగా జల్లాను.

మొదటి నాలుగు రోజులు నా అంత తెలివైనది లేదనుకున్నాను. మట్టిలోంచి తెల్లటి మొనలు లేచాయి, ఆకుపచ్చగా మారాయి. ఆయన రోజూ ఫోన్ చేసేవారు.

"పట్ట అంటించావా?"

"పని అయిపోతోంది. మీరు వచ్చి చూడండి."

"ఫోటో పెట్టు."

"వచ్చి చూడండి అన్నాను కదా."

అయిదో రోజుకి గోధుమ నా చిటికెన వేలంత అయింది. అక్కడ ఆగుతుందనుకున్నాను. చోడి మొలక అయితే ఆగేదే. బల్ల కింద నేలలోంచి హీటరు గాలి వస్తుంది, పక్కన పెద్ద అద్దాల తలుపు. గోధుమకి అంతకన్నా ఏం కావాలి? రోజూ పొద్దున లేచేసరికి ఇంకొంచెం పెరిగేది. నేను నీళ్లు మానేశాను. అయినా పెరిగింది. పైగా మొత్తం చేను అద్దం వైపు వంగి, బయట ఏదో పెళ్లి ఊరేగింపు పోతున్నట్టు చూడసాగింది.

ఒక సైనికుణ్ణి తెచ్చి పెట్టాను. కనబడలేదు. గుర్రపు రౌతుని పెట్టాను. వాడూ లేడు. చెయ్యి పెట్టి తీయబోతే పక్కన నాలుగు మొక్కలు వేళ్లతో సహా వచ్చాయి. దానికి తోడు నేను పోసిన నీళ్లు అతుకులోంచి దిగి నురగ కింద ఉన్న చెక్క అట్ట ఉబ్బింది. పలక ఒక మూల పైకి లేచింది. ఆ మూల నొక్కితే ఈ మూల లేస్తుంది. కొండమీద పెట్టిన ఫిరంగి దొర్లుకుంటూ వచ్చి ఏట్లో పడింది.

బియ్యం బస్తా ఆ మూలమీద పెట్టి, దాని పక్కనే నేనూ కూర్చున్నాను. రెండేళ్లు ఎదురుచూసిన మనిషి బల్లని నేను కుంటిదాన్ని చేశాను.

శుక్రవారం సాయంత్రం ఆయన సూట్‌కేసు గుమ్మంలోనే వదిలి నేరుగా బల్ల దగ్గరికి వచ్చారు. చాలాసేపు చూశారు. మొక్కల్ని అరచేత్తో నిమిరారు. మూల నొక్కారు. పలక టక్కుమంది.

"ఇది కదులుతోంది వసూ."

"నీళ్లు దిగాయి."

"రేపు వస్తారు వాళ్లు."

"పీకేస్తాను. పట్ట అలాగే ఉంది. పొద్దున్నే అంటించేస్తాను."

ఆయన చేతులు కడుక్కుని వచ్చారు. అన్నం తిన్నారు. సాంబారు బాగుందన్నారు. ఆ రోజు నేను సాంబారు చేయలేదు, పప్పుచారు చేశాను.

శనివారం పొద్దున్నే సాయానికి రవికాంత్ అన్నయ్య వచ్చాడు. కరీంనగర్ మనిషి, ఆయన ఆఫీసే. ఈయన్ని ఈ ఆటలోకి దింపింది అతనే. లోపలికి వస్తూనే ఆగిపోయాడు.

"ఏందిరా భయ్ ఇది? ఆట అని పిలిచి నాట్లకు పిలిచినవా? కూలి ఎంతిస్తవ్?"

"వసు చల్లింది."

"చెల్లె, మస్తుగ మొలిచింది గని, మేకలు యాడున్నయ్?" నేను తల వంచుకోవడం చూసి గొంతు తగ్గించాడు. "సూడు రఘూ, గ్లెన్ సార్ సంగతి నీకెరికే గదా. పోయిన్నెల వంతెన వెడల్పు స్కేలు పెట్టి కొలిచిండు. గీ చేన్ల బొమ్మలు పెట్టరాదు, తియ్యరాదు. పీకి పడెయ్. పట్ట అంటియ్యి. మొదటిసారి నవ్వులపాలు గాకు."

గ్లెన్ ఆ అయిదుగురిలో పెద్దాయన. ఆయన మెచ్చుకుంటే బల్ల నిలిచినట్టు, మెచ్చుకోకపోతే లేనట్టు.

రఘువీర్ కత్తెర తీసుకున్నారు. చేను ముందు మోకాళ్లమీద కూర్చున్నారు. ఆయన కత్తెర తెరిచి, బల్ల అంచుకి కన్ను ఆనించి, అలాగే ఉండిపోయారు.

"వసూ, ఇలా రా. ఇక్కడ కూర్చో. ఒక్క కన్నుతో చూడు. నువ్వు ఫ్రెంచివాడివి."

కూర్చున్నాను.

"ఏం కనబడుతోంది?"

"చేను."

"ఇంకా?"

"ఇంకేం లేదు. చేనే."

"ఇన్నాళ్లూ ఒక దళం మొత్తం చేలో ఎలా దాక్కుందా అనుకునేవాణ్ణి," అన్నారు. కత్తెర పక్కన పెట్టి లేచారు. "ఇది ఉంటుంది. పలక సంగతి చూద్దాం. రవీ, పలకని బల్లకి బిగించడానికి నీ కార్‌లో క్లాంపులు ఉన్నాయా?"

"పలక బిగిస్తవ్, బానే ఉంది. బల్ల అంచుకు ఇనుప క్లాంపులు కనవడ్తయ్ గదరా. చందుర్తిల ఇనుప స్తంభాలు ఉండెనా అని అడుగుతడు ఆయన."

అప్పుడు నాకు తోచింది. "పాకలు పెడితే?" అన్నాను. ఇద్దరూ నావైపు తిరిగారు. "క్లాంపు మీద పాక. పైకప్పుకి ఆ పట్ట ఉంది కదా. తాటాకు కప్పులాగే ఉంటుంది."

అన్నయ్య క్లాంపులు బిగించాడు, పలక కదలడం మానింది. రఘువీర్ నురగతో గోడలు కోశారు. నేను బ్లేడు కత్తి, స్టీలు స్కేలు పట్టుకుని పట్టని వాలుగా కోసి, చూరు కిందికి జారేలా అంటించాను. గోడలకి కాస్త ఎర్రమట్టి రంగు, కింద తెల్లటి పట్టె. మా అత్తయ్య ఇంటి గోడకి ఉన్నట్టు. నాలుగు మూలలా నాలుగు పాకలు వెలిశాయి. లోపల ఇనుప క్లాంపులు ఉన్నాయంటే ఎవరూ నమ్మరు. అందరూ రాకముందే రఘువీర్ ఇంగ్లీషు దళాన్ని పట్టకారుతో ఒక చేలోకి దింపారు. ఏ చేలోకో నాకూ చెప్పలేదు.

గ్లెన్‌తోబాటు ఇంకో ఇద్దరు వచ్చారు. గ్లెన్ చలికోటు విప్పకుండానే బల్ల చుట్టూ తిరిగాడు. పాకల చూరు వేలితో తాకాడు. చేల దగ్గర ఆగాడు. వంగి వాసన చూశాడు. రఘువీర్ గొంతు సవరించుకుంటున్నారు. నేను టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"ఇది గోధుమ," అన్నాడు గ్లెన్ ఇంగ్లీషులో.

ఒక ఆకు తుంచి వేళ్ల మధ్య నలిపాడు.

"నేను నెబ్రాస్కాలో గోధుమ పొలంలో పుట్టాను. ఎవరు చల్లారు దీన్ని?"

రఘువీర్ నావైపు చూపించారు. గ్లెన్ కళ్లద్దాలమీంచి చూశాడు. "విత్తనం మరీ ఒత్తుగా పడిందమ్మా."

వాళ్లతో నేను మాట్లాడిన మొదటి ఇంగ్లీషు వాక్యం ఇది: "ఇది తినడానికి కాదు సార్, దాక్కోవడానికి."

గ్లెన్ పెద్దగా నవ్వాడు. అన్నయ్య నా వెనక "శబాష్ చెల్లె" అని గొణిగాడు.

ఆటలో నియమం ఒకటే నాకు అర్థమైంది. కనబడినవాడినే కాల్చాలి. కనబడుతున్నాడో లేదో తేల్చుకోవడానికి తమ సైనికుడి తల వెనక కన్ను పెట్టి చూడాలి. మామూలు బల్లలమీద అందరికీ అన్నీ కనబడుతూనే ఉంటాయి, కనబడనట్టు ఒప్పుకుంటారంతే. ఇక్కడ ఒప్పుకోనక్కర్లేదు. గ్లెన్ ఫ్రెంచివాళ్ల వైపు. ఆ యుద్ధం కథ ఆయన కూడా చదువుకుని వచ్చాడు. చేలో ఎవరో ఉన్నారని ఆయనకి తెలుసు. కానీ చేలు రెండు. బల్లమీది నేలకి గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, దారికి ఎడమ చేను చూశాడు, కుడి చేను చూశాడు. లేచేటప్పుడు మోకాళ్లు చప్పుడు చేశాయి. ఎడమ చేనే అని తేల్చుకుని దానిమీదికి ఫిరంగులు తిప్పాడు, కుడి చేను పక్కగా ఎర్రకోట్ల సిపాయిలమీదికి దళాన్ని నడిపించాడు.

రఘువీర్ కుడి చేలో చెయ్యి పెట్టారు. ఒక్కొక్కణ్ణే బయటికి తీసి దారి అంచున నిలబెట్టారు. కొందరి టోపీలకి మట్టి అంటుకుంది. ఒకడి భుజంమీద గోధుమ ఆకు వేలాడుతోంది.

గ్లెన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "నాకు తెలుసు. తెలిసి కూడా నడిచి వెళ్లాను," అన్నాడు, ఓడిపోయిన మనిషి గొంతులా లేదు అది. "వచ్చే నెల నా ఇంట్లో అనుకున్నాం కదా. వద్దు. మళ్లీ ఇక్కడే ఆడదాం. ఫ్రెంచివాళ్లకి ఇంకో అవకాశం కావాలి."

రఘువీర్ "ష్యూర్" అన్నారు, చాలా మామూలుగా. కానీ బల్ల కింద ఆయన కాలు ఆగకుండా ఊగుతోంది. నాకు ఒక్కదానికే కనబడింది.

సైనికుల్ని పెట్టెల్లో సర్దేటప్పుడు ఒకడు తగ్గాడు. చేను రెండుసార్లు వెతికారు. దొరకలేదు.

వారం తరవాత గోధుమ పసుపు తిరిగింది. కత్తెరతో కోసి దుబ్బులు పెకిలిస్తుంటే వాడు దొరికాడు. బోర్లా పడి ఉన్నాడు. తెల్లటి వేళ్లు వాడి తుపాకీ చుట్టూ, నడుం చుట్టూ పెనవేసుకుని ఉన్నాయి. విప్పబోయాను. రఘువీర్ నా చెయ్యి ఆపారు.

"ఉండనీ. వాడు ఇక్కడే స్థిరపడ్డాడు," అని, ఆ మట్టిగడ్డతో సహా వంటింటి కిటికీలో పెట్టారు. నా టీ వడగట్టు మాత్రం ఇంకా ఆయన పనిముట్లలోనే ఉంది. దాని బదులు బ్లేడు కత్తి, స్టీలు స్కేలు వంటింటి సొరుగులోకి, గరిటెల పక్కకి వచ్చి చేరాయి.

"ఈసారి ఏం చల్లుదాం?" అన్నారాయన.

"చోళ్లు," అన్నాను. "అమ్మని పోస్టులో పంపించమన్నాను."